కోడి లేని కోడి చిప్స్

బస్టాండు, నా కొట్టు
టికెట్ కిటికీ ఎదురుగా

ఒసేయ్ చిన్నదానా,

నేను బాగానే ఉన్నాను, నువ్వూ బాగానే ఉండి ఉంటావు. కుశలాలు అయిపోయాయి కనక సంగతికొస్తాను.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. చేస్తే మా మరిది స్పీకర్ పెడతాడు. తోడికోడళ్ళం ఇద్దరం ఏం మాట్లాడుకున్నామో విని వాళ్ళన్నకి చేరవేస్తాడు, ఆయనొచ్చి నాకే మళ్ళీ వినిపిస్తారు. ఇంత తిరుగుడు కన్నా ఉత్తరమే నయం.

కొట్టు తెరిచాను. బోర్డు చూసి మీ బావగారు ఒకటే నవ్వు. "ఇక్కడ జంతువు నుంచి వచ్చినదేదీ అమ్మబడదు" అని ఎర్ర రంగుతో రాయించాను. పాలు లేవు, నెయ్యి లేదు, గుడ్డు లేదు, తేనె లేదు, వెన్న బిస్కెట్లు లేవు. "మరి ఉన్నదేమిటే, గాలా?" అన్నారు. వేరుశనగలు, అరటిపళ్ళు, నిమ్మరసం, మీ తమ్ముడి పెళ్ళాం పనిచేసే ఫ్యాక్టరీ నుంచి బస్తాలకు బస్తాలు చిప్స్, అన్నాను. డెయిరీ ఫారంలో దూడల కొట్టం కడిగి కడిగి అరిగిపోయిన చేతులు నావి. తల్లి దగ్గర్నుంచి లాక్కొచ్చిన దూడ అరుపు నువ్వు వినలేదు. నేను ఏళ్ళ తరబడి విన్నాను. ఇక నా వల్ల కాదని బయటికొచ్చేశాను. నా కొట్లో నా మాటే చెల్లాలి. నవ్వేవాళ్ళని నవ్వనీ, నవ్విన నాపచేనే పండుతుంది.

పక్క టీ కొట్టాయనకి మాత్రం నవ్వు రావట్లేదు. ఆయనే ఈ బస్టాండు దుకాణాల సంఘానికి పెద్ద. పొద్దస్తమానం పాలు మరిగించుకునేవాడి పక్కన ఇలాంటి బోర్డు పెట్టడమంటే ఆయన్ని తిట్టడమేనట. దించమన్నాడు. దించనన్నాను.

ఇప్పుడు నీతో పని. నా దగ్గర రోజూ టమాటా చిప్స్ కొనే కండక్టరమ్మ ఒకావిడ ఉంది. ఆవిడా నాలాగే పాలు ముట్టదు. దాన్ని వీగన్ అంటారట, నేను పేరు తెలియకుండానే అయిపోయాను! నిన్న పొట్లం చేతిలో పట్టుకుని, "అమ్మా, వీటిలో ఏమేం వేస్తారో తెలుసా?" అంది. బంగాళాదుంపలోకి ఆవు ఎక్కణ్ణుంచి వస్తుందే తల్లీ అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. పెద్ద బస్తాల్లోంచి తీసి విడిగా అమ్ముతాం కదా, వాటి మీద రుచి పేరూ బొమ్మా తప్ప ఏమీ ఉండదు. నువ్వు మసాలా గదిలోనే పని చేస్తావు. ఉన్నదున్నట్టు రాయి.

మీ అక్క


చిప్స్ ఫ్యాక్టరీ
మసాలా గది వెనక మెట్లు, భోజనాల వేళ

అక్కా,

నీ ఉత్తరం చూసి మా ఆయన, "ఏమిటి, మీరిద్దరూ మాకు తెలియకుండా ఆస్తి పంచుకుంటున్నారా?" అన్నారు. అవును, నాకు మా బావగారి నవ్వు వాటాకొచ్చింది అన్నాను.

పప్పులో కాలేశావక్కా. టమాటా చిప్స్‌లో పాలున్నాయి.

అరవకు, కూర్చుని చదువు. టమాటా పొడి ఒక్కటే చల్లితే నాలుక కొరికినంత పులుపు. ఆ పులుపు విరగడానికి పాలు విరిచాక మిగిలే నీళ్ళని ఎండబెట్టి చేసిన పొడి కలుపుతారు. రోజూ బస్తా మూతి కోసి పోసేది నేనే. ఇన్నాళ్ళూ అది పాలదని తెలుసు గానీ, నీకు చెప్పాలన్న ఊహే రాలేదు. ఉల్లి-పెరుగు రుచి సంగతి పేరులోనే ఉంది, దాన్ని నువ్వెలాగూ గుమ్మం ఎక్కనివ్వవు.

ఇంకో విడ్డూరం చెప్తాను. కాల్చిన కోడి రుచి అని, బస్తా మీద కోడి బొమ్మ వేసి మరీ అమ్ముతామే, అందులో కోడి ఈక కూడా లేదు! ఉల్లి పొడి, వెల్లుల్లి పొడి, మిరియాలు, ఈస్టు పొడి, పొగ వాసన. అంతే. నీ మాట వచ్చాక మళ్ళీ ఒకసారి ఆ మసాలా బస్తా తిరగేసి అచ్చులో ఉన్నదంతా చదివాను. టమాటాలోకి ఆవు వచ్చి కూర్చుంది, కోడిలోకి కోడి రాలేదు. ఏం లోకమో ఇది.

ఉప్పు చిప్స్ అంటావా, ఉప్పులో ఏముంటుంది, ఉప్పే.

మా ఇంట్లో కుళాయి మళ్ళీ కారుతోంది. బాగు చేస్తానని మీ మరిది పానా పట్టుకుని కూర్చున్నారు. ఇప్పుడు రెండు చోట్ల కారుతోంది.

నీ చెల్లి


బస్టాండు, నా కొట్టు
ఇంకా నాదే

చిన్నదానా,

నీ ఉత్తరం చదివి నా ఒళ్ళు మండిపోయింది. నీ మీద కాదు, నా మీద. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఇంత బోర్డు కింద కూర్చుని పాలు అమ్మానన్నమాట!

టమాటా బస్తా మూతి కట్టేసి టీ కొట్టు గుమ్మంలో పెట్టాను. "ఇందులో పాలున్నాయి, ఇది మీ సరుకు" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. తీసుకున్నాడు మాత్రం. కండక్టరమ్మ బస్సు ఆగగానే వెళ్ళి చెప్పాను. ఆవిడ ఈల ఊదింది, బస్సు కదిలింది. తిట్టినా బాగుండేది.

ఆ మర్నాడే కోడి బస్తా తెప్పించాను. బొమ్మ బయటికి కనబడేలాగే పెట్టాను. తిప్పిపెట్టడమెందుకు, నేనేమన్నా దొంగనా?

చూడు, ఇక తమాషా. వచ్చినవాడల్లా బోర్డు చదవడం, కిందకి చూడటం, కోడి బొమ్మ చూడటం. ఒకాయన పడీ పడీ నవ్వి బస్సు పోగొట్టుకున్నాడు. ఇంకొకాయన, "పెద్దమ్మా, సింహం చిప్స్ ఎప్పుడొస్తాయి?" అన్నాడు. మీ బావగారైతే కొట్టు వైపే రావడం మానేశారు, స్నేహితుల ముందు తల కొట్టేసినట్టుందట. నేను మాత్రం అడిగినవాడికల్లా చెప్తున్నాను. ఎర్రగా కనబడే టమాటాలో పాలున్నాయి, కోడి బొమ్మ ఉన్నదాంట్లో ఏ పాపమూ లేదు. బొమ్మ చూసి కాదు, లోపలున్నది తెలుసుకుని తినండి అని. కండక్టరమ్మ నాలుగు రోజులు ముఖం తిప్పుకుని, ఐదో రోజు వచ్చి కోడి బొమ్మకేసి చాలాసేపు చూసి, "నిజమేనా?" అంది. మా తోడికోడలు అబద్ధం ఆడదు అన్నాను. ఒకటి నోట్లో వేసుకుంది. "కోడి ఎలా ఉంటుందో మర్చిపోయాను, ఇలాగే ఉంటుందా?" అంది. నాకేం తెలుసు!

టీ కొట్టాయనకి ఇది దొరికింది. జనాన్ని మోసం చేస్తున్నానని సంఘం మీటింగు పెట్టించాడు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం బస్సులు వెళ్ళాక, అందరి ముందూ తేలాలట. బోర్డు అబద్ధమని తేలితే బోర్డు దిగాలి. తాడో పేడో తేల్చుకుంటాను. నా చిప్స్ రెండే, ఉప్పూ కోడీ. ఎక్కువ పోయేది ఉప్పే, దానితోనే కొట్టు నడుస్తోంది. ఈ రెంటిలోనూ ఏ జంతువూ లేదని నీ మీద ఒట్టేసి చెప్తాను.

మీ అక్క


చిప్స్ ఫ్యాక్టరీ

అక్కా,

నా మీద ఒట్టెయ్యకు.

కోడి చిప్స్ గురించి ఎంత గట్టిగా అయినా మాట్లాడు. దానికి మసాలా పట్టించే డ్రమ్ము కూడా వేరు, ఆ పొగ వాసన ఇంకోదానికి అంటుకుంటుందని మొదట్నించీ విడిగానే ఉంచారు. దానికి నేను పూచీ. ఉప్పు మాట మాత్రం ఎత్తకు. ఎందుకని అడగకు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. మీ మరిది నీకు చెప్పమన్నారు, కుళాయి బాగైందట. కాలేదు.

నీ చెల్లి


బస్టాండు

చెల్లీ,

నీళ్ళు నములుతున్నావు. ఉప్పు మాట ఎత్తకూడదా? రోజూ ఎత్తి ఎత్తి అమ్ముతున్నది దాన్నే కదే!

నువ్వు కాపరానికొచ్చిన కొత్తలో అత్తగారి ముందు నీ తరఫున ఎవరు మాట్లాడారు? నీ చేతిలో పగిలిన ప్రతి గిన్నే నేనే పగలగొట్టానని చెప్పలేదూ? దానికి బదులడగడం లేదు. అక్కా అని పిలుస్తావు కదా, ఆ పిలుపుకి తగ్గట్టు నిజం రాయి. ఆదివారం లోపల అందేలా రాయి. ఉప్పులో ఏముంది?

అక్క


చిప్స్ ఫ్యాక్టరీ
ఇకనించీ దుంపల షెడ్డు

అక్కా,

ఉప్పులో ఏమీ లేదు. ఉప్పు చిప్స్‌లో ఉంది. చెప్తాను విను.

మసాలా గదిలో పడుకోబెట్టిన పెద్ద డ్రమ్ము ఒకటి మెల్లగా తిరుగుతూ ఉంటుంది. వేపిన చిప్స్ అందులో దొర్లుతుంటే పైనించి పొడి చల్లుతాం. దాన్ని నీళ్ళతో కడిగేది వారానికొక్కసారే, సెలవు రోజున. రోజూ కడిగితే ఆరదు, తడి మీద పొడి పడితే ముద్ద కడుతుంది. అందుకని ఒక రుచి అయిపోయి ఇంకోటి మొదలయ్యే ముందు ఉప్పు చిప్స్ వేసి తిప్పుతాం. వేడి చిప్స్, కాస్త నూనె తడి, గోడలకి అంటుకున్న పాల పొడినంతా చీపురు కట్ట తుడిచినట్టు తుడిచేస్తాయి. డ్రమ్ము తళతళలాడుతుంది. మరి ఆ తుడిచిన చిప్స్ ఏం చేస్తామంటావా? ఉప్పు బస్తాల్లోకే పోతాయి.

ఇది దాచిన పని కాదక్కా. ఇక్కడ పనంటే ఇదే. కొత్తగా వచ్చిన ఆడవాళ్ళకి నేనే నేర్పించాను, ఎంత బాగా తుడుస్తుందో చూడండి అని గొప్పగా చూపించాను కూడా. కుంచె పెట్టి రుద్దే బాధ తప్పిందని అందరం సంతోషించాం. నీ బోర్డు గురించి విన్నాక కూడా, ఉప్పు అంటే ఉప్పే అని రాశాను. రాసి పోస్టు డబ్బాలో వేశాకే డ్రమ్ము గుర్తొచ్చింది. నువ్వు ఒట్టు మాట రాసేసరికి ఇక మింగుడు పడలేదు. నిజం చెప్తే నీ కొట్టు పోతుంది, చెప్పకపోతే నీ మాట పోతుంది. ఏది పోతే నీకు ఎక్కువ బాధో నాకు తెలుసు. అయినా భయపడ్డాను.

నిన్న సూపర్‌వైజరుని అడిగాను. చెడ్డవాడు కాదు, పని జరగాలి ఆయనకి. "సార్, కడిగిన మర్నాడు ఖాళీ డ్రమ్ములో ముందు ఉప్పు వేసేద్దాం, వారానికి సరిపడా. ఆ తర్వాతే టమాటా, ఉల్లి-పెరుగు. రెంటిలోనూ పాలే కనక మధ్యలో తుడవక్కర్లేదు. వరస మారిస్తే చాలు" అన్నాను. ఆయన నవ్వి, "ఎందుకమ్మా ఈ గొడవ? ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

ఆ ఒక్క మాటకి నాకెక్కడ లేని కోపం వచ్చింది. ఎవరికి తెలుస్తుందా? నాకు తెలుసు! నేను మనిషిని కానా? "నేనూ ఉప్పూ కారం తింటున్నాను సార్, తెలిసి ఇక ఈ పని చెయ్యను" అన్నాను. టమాటా అయిపోయింది, ఉప్పు చిప్స్ బుట్ట నా పక్కకొచ్చింది, నేను ఎత్తలేదు. డ్రమ్ము ఊరికే తిరుగుతోంది. అందరూ నన్నే చూస్తున్నారు. భయమేసిందక్కా, అబద్ధమెందుకు. చేతులు మాత్రం కదల్లేదు. చివరికి సూపర్‌వైజరే ఎత్తి పోసి, నన్ను దుంపల షెడ్డుకి మార్చాడు. ఇక్కడంతా మట్టీ, నీళ్ళూ, కుళ్ళిన దుంపల కంపు.

మీటింగులో అంతా చెప్పు. ఎవరు చెప్పారని అడిగితే మా తోడికోడలు చెప్పిందని చెప్పు. ఇప్పుడు కావాలంటే నా మీద ఒట్టెయ్యి.

నీ చెల్లి


బస్టాండు, నా కొట్టు

బంగారు తల్లీ,

నీ ఉత్తరం శనివారం అందింది. చదివి కొట్టు వెనక్కి వెళ్ళి కాసేపు ఏడ్చాను. ఉప్పు పోయినందుక్కాదు. మట్టిలో నువ్వు ఒక్కదానివే నిలబడ్డందుకు.

సరే, మీటింగు విను. ప్లాట్‌ఫారం మీద బెంచీలు వేశారు. పండ్ల కొట్టాయన, పేపర్ల కొట్టావిడ, సెల్ ఫోన్ల వాడు, చెప్పులు కుట్టేవాడు, అందరూ వచ్చారు. మీ బావగారు కూడా స్తంభం వెనక నిలబడ్డారు, నాకు కనబడలేదనుకుని.

టీ కొట్టాయన మొదలెట్టాడు. "పైన జంతువు నుంచి వచ్చినదేదీ లేదని బోర్డు. కింద కోడి బొమ్మ. మా చెవిలో పువ్వులు కనబడుతున్నాయా అమ్మా?"

కోడిలో ఏముందో చెప్పాను, టమాటాలో ఏముందో చెప్పాను. ఎవరు చెప్పారన్నాడు. బస్తాలు కోసిన మనిషి చెప్పింది, మా తోడికోడలు అన్నాను. కొంతమంది తలలూపారు. అక్కడితో ఆపితే గెలిచేదాన్నేమో చెల్లీ. బోర్డు నిలబడేది, ఉప్పు బస్తా నిలబడేది, ఎవరూ అడగలేదు కూడా. కండక్టరమ్మ ముందు వరసలో కూర్చుని ఉప్పు చిప్స్ పొట్లం విప్పుతోంది. ముందు రోజు, నీ ఉత్తరం అందక ముందు కొన్నదే.

"అది తినకమ్మా" అన్నాను.

డ్రమ్ము సంగతంతా చెప్పాను. లోపలికెళ్ళి ఉప్పు బస్తాని ఈడ్చుకొచ్చి అందరి మధ్యా పడేశాను. ఈలలు, అరుపులు. టీ కొట్టాయన ముఖం వెలిగిపోయింది. "చూశారా, ఆవిడే ఒప్పుకుంది!" అన్నాడు.

"ఒప్పుకున్నాను. అబద్ధమైనదల్లా నా చేత్తోనే బయట పడేశాను. ఇప్పుడు బోర్డు చదవండి, కొట్లోకి చూడండి. ఎక్కడ అబద్ధముందో చూపించి, అప్పుడు దించండి" అన్నాను.

"చూడటానికి చిప్స్ ఎక్కడున్నాయమ్మా? ఒక్క కోడి మిగిలింది!"

"మిగిలింది. ఎందుకంటే దాన్నెవరూ కోయలేదు" అన్నాను.

ముందు నవ్వింది పేపర్ల కొట్టావిడ. తర్వాత చెప్పులు కుట్టేవాడు. స్తంభం వెనక నుంచి మీ బావగారి నవ్వు వినబడింది, ఈసారి వేరేలా ఉంది. ఆ నవ్వు నీ వాటా అన్నావు కదా, అందుకని రాస్తున్నాను.

గెలిచానని అనుకోకు. మీటింగు అయ్యాక తీర్పు ఇదీ. బోర్డు ఇప్పటికి ఉండొచ్చు, కానీ సగం ఖాళీ కొట్టుకి బస్టాండులో చోటు లేదు. నెలాఖరు లోపల కొట్టు నిండాలి, లేదా బోర్డు దించి అందరిలా అన్నీ అమ్మాలి. ఉప్పు చిప్స్ లేకుండా నిండదని వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. రోజూ వచ్చి ఉప్పు చిప్స్ అడిగి, లేవంటే వెళ్ళిపోతున్నారు. పక్కకొట్లో అవే కొనుక్కుంటున్నారు. అయినా నేను వెయ్యను. ఖాళీ అల్మరాలు తుడిచి తుడిచి పెడుతున్నాను. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు, మొండిదాని సంగతి ఎవరూ చెప్పలేదు, ఇప్పుడు చూస్తారు.

నువ్వు మాత్రం ఉద్యోగం పోగొట్టుకోకు. నా బోర్డు కోసం నువ్వు మట్టి మొయ్యక్కర్లేదు.

మీ అక్క


దుంపల షెడ్డు

అక్కా,

నీ బోర్డు కోసం కాదు. ఆ "ఎవరికి తెలుస్తుంది" కోసం.

నీ ఉత్తరం అందిన రోజు నుంచి ఇక్కడ ఏం జరిగిందో రాస్తాను, ఎక్కడా ఆగకుండా చదువు. నా చోట్లో పెట్టినావిడ నేను పని నేర్పించినావిడే. నెమ్మదస్తురాలు, కుక్కిన పేనులా పడి ఉంటుంది, నోట్లోంచి మాట రాదు. టమాటా అయిపోయింది, ఉప్పు బుట్ట వచ్చింది. ఆవిడ బుట్ట పక్కన చేతులు కట్టుకుని నిలబడిందట. "ఏమిటమ్మా?" అన్నాడట సూపర్‌వైజరు. "అక్క చెయ్యనన్న పని నేనూ చెయ్యను సార్" అందట. ఆవిణ్ణీ మార్చారు. ఇప్పుడు నా పక్కనే దుంపలు కడుగుతోంది. మూడో ఆవిణ్ణి పెట్టారు. ఆవిడా ఎత్తలేదు. మరీ విడ్డూరం, మా ముగ్గురిలో పాలు మానేసింది ఒక్కతీ లేదు. వీళ్ళు మధ్యాహ్నం పెరుగన్నం తింటూనే నా తరఫున దెబ్బలాటకి దిగారు. "మాకు పెరుగు కావాలి, కానీ వద్దన్నవాళ్ళ నోట్లో పెట్టడమేమిటి?" అంది నెమ్మదస్తురాలు. ఇంత పెద్ద మాట ఆవిడ నోటి నుంచి ఇదే మొదటిసారి వినడం.

ఇక మసాలా గదిలో పెట్టడానికి పని తెలిసినవాళ్ళు మిగల్లేదు. డ్రమ్ము ఒక పూటంతా ఆగిపోయింది. సోమవారం, కడిగి ఆరబెట్టిన డ్రమ్ములో ముందు ఉప్పు పడింది. వరస మారింది. మారిందని ఎవరూ ప్రకటించలేదు, మేం అడిగినట్టు కూడా ఎవరూ ఒప్పుకోలేదు. సూపర్‌వైజరు దుంపల షెడ్డుకొచ్చి, ఇటూ అటూ చూసి, పొట్లం కట్టిన గుప్పెడు చిప్స్ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. చేతులు మట్టిగా ఉన్నాయి, అలాగే తిన్నాను. ఉప్పు కాస్త ఎక్కువైంది. నేనుంటే అంత పడనిచ్చేదాన్ని కాదు.

ఆ మొదటి తిప్పు బస్తాలు రెండు మీ బస్టాండుకొచ్చే బస్సులో వేయించాను. కండక్టరమ్మ ఎవరో నాకు తెలియదు గానీ, ఎక్కించుకున్నావిడ బస్తా మీద "ఉప్పు" అని చూసి, "ఇవి డ్రమ్ము కడిగాక మొదట తీసినవేనా?" అని అడిగింది. అవునన్నాను. పక్క సీటు మీద కూర్చోబెట్టుకుంది, టికెట్టు కొట్టలేదు.

ఈ రెండూ అల్మరాలో పెట్టు, ప్రతి సోమవారం ఇంకో రెండు వస్తాయి. నెలాఖరుకి ఆ టీ కొట్టాయన్ని పిలిచి కొట్టు చూపించు.

మిగతా ఇద్దర్నీ మసాలా గదికి తీసుకున్నారు. నన్ను కూడా రమ్మన్నారు, కాకపోతే తప్పయిందని ఒక్క మాట అనాలట. రాసివ్వక్కర్లేదు, నోటితో అంటే చాలట. మీ మరిది ఈసారి స్పీకర్ పెట్టకుండానే అన్నీ విని, "ఏమంటావు మరి?" అని అడిగారు. దుంపలు కడగడం కూడా పనే కదండీ అన్నాను. ఆయన పాత రబ్బరు చెప్పులు వెతికి కడిగి గుమ్మంలో పెట్టారు, మట్టిలోకి బాగుంటాయని. రేపు వాటితోనే వెళ్తున్నాను. తప్పయిందని అనను అక్కా. నువ్వు బోర్డు దించకు, నేను మాట దించను.

నీ చెల్లి